గోడకు ఇవతలి పిల్లలు

"సంతకం నాదే. ఎవరో మెడ మీద కత్తి పెట్టి చేయించింది కాదు. ఆ కాగితం రాసింది కూడా నేనే," అంది ఎనికో, గరిటెను సూప్ గిన్నెలోనే వదిలేసి.

 ఆదివారం కోడి సూప్ బల్ల మధ్యలో పొగలు కక్కుతోంది. పొద్దున్నే లేచి, పిండి కలిపి, వెంట్రుకంత సన్నగా నూడుల్స్ కోసినవి తల్లి పిరోష్కా చేతులు. ఇప్పుడు బల్లగుడ్డ అంచును పట్టుకుని ఊరికే నలుపుతున్నాయి.

అల్లుడు సబోల్చ్ ఒక్కడే చెంచా ఎత్తాడు. ఎత్తినవాడు అత్తగారి ముఖం చూసి మళ్లీ దించేశాడు. పక్కన ఆరేళ్ల బోరి, క్యారెట్ ముక్కలను పళ్లెం అంచున వరసగా పేరుస్తూ, పెద్దవాళ్ల గొడవ తనకు పట్టనట్టు కూర్చుంది. పట్టకపోవడమేమిటి, చెవులు రెండూ ఇటే ఉన్నాయి.

"ముప్పై ఏడేళ్లు," అంది చివరికి పిరోష్కా. "ముప్పై ఏడేళ్లు ఆ పాట తరగతిని నిలబెట్టాను. నా కడుపున పుట్టినదే దాన్ని కూలుస్తుందని ఎవరైనా చెప్పుంటే వాళ్ల చెంప పగలగొట్టేదాన్ని."

"కూల్చడం కాదమ్మా, పంచడం. పాట టీచర్లు ఇద్దరుండేవాళ్లు. ఒకావిడ వెళ్లిపోయింది. కొత్తవాళ్లెవరూ ఈ ఊరు రామంటున్నారు. ఉన్న ఒక్క టీచరూ ఎన్ని ముక్కలవుతుంది? పాట తరగతికి రోజూ పాట. పక్కన మామూలు తరగతికి వారానికి ఒక్కసారి, అదీ లెక్కల మేష్టారికి ఓపికుంటే. వచ్చే సెప్టెంబరు నుంచి పిల్లలందరికీ వారానికి రెండుసార్లు పాట, ఒకసారి బొమ్మలు. ఉపప్రధానోపాధ్యాయురాలిగా నేను రాసింది అంతే."

"వారానికి రెండుసార్లా! వారానికి రెండుసార్లు భోంచేసి ఎవరైనా బతుకుతారుటే?"

"ఒక్కసారే భోంచేస్తున్నవాళ్ల మాటేమిటి మరి?"

"అత్తయ్యా, ఎలాగూ భోజనం ఊసొచ్చింది కాబట్టి..." అని సబోల్చ్ సూప్ గిన్నె వైపు చూపించాడు. ఎవరూ నవ్వలేదు. ఆ ఇంట్లో అతని హాస్యాలకు ఎప్పుడూ అదే గతి.

పిరోష్కా గొంతు పెంచింది. తరగతిలో చివరి వరస దాకా వినపడే గొంతు అది. "రోజూ పాడితేనే చెవి తయారవుతుంది. చెవి తయారైతే మనసు నిలుస్తుంది. లెక్కల్లో ఎవరు ముందు? చదవడంలో ఎవరు ముందు? నా పిల్లలే! ఊరంతా తెలుసు ఆ సంగతి."

"ముందే ఏరుకున్నవాళ్లు ముందుండక ఏమవుతారు? ఆరేళ్ల పిల్లల్ని నిలబెట్టి, ఒక పాట పాడించి, నాలుగు చప్పట్లు కొట్టించి, నువ్వు ఇటు, నువ్వు అటు అని తోసేస్తాం. బోరినీ అలాగేగా తోశావు."

క్యారెట్ ముక్కలు పేర్చే చెయ్యి ఆగింది.

"బోరీ, నీ రంగు పెన్సిళ్లు అవతలి గదిలో ఉన్నాయమ్మా. వెళ్లు," అన్నాడు సబోల్చ్. పిల్ల కుర్చీ దిగి వెళ్లిపోయింది.

ఏప్రిల్‌లో జరిగిందది. పిరోష్కా రిటైరై మూడేళ్లయినా, కొత్తగా చేరే పిల్లల పాట పరీక్షకు బడివాళ్లు ఏటా ఆమెనే పిలుస్తారు. ఆమె చెవి మీద ఊరికి అంత నమ్మకం. బోరి లోపలికి వచ్చి అమ్మమ్మను చూసి మురిసిపోయి, పావురం పాట ఎత్తుకుంది. రెండో చరణంలో శ్రుతి జారింది. మూడో చరణంలో మరీ జారింది. పిరోష్కా కళ్లజోడు సవరించుకుని, ఆ పేరుకు ఎదురుగా 'మామూలు తరగతి' అని గుండ్రంగా రాసింది. ఆ మాట చెప్పుకుని ఊళ్లో వాళ్లు ఎంత మెచ్చుకున్నారో! సొంత మనవరాలైనా సరే పక్షపాతం చూపని మనిషి అన్నారు. ఆ మెప్పుతో ఆమె వేసవంతా నిటారుగా నడిచింది.

"నా వాళ్లని కలిపేసుకుని పరాయివాళ్లని తోసేస్తే బాగుండేదా?" అంది ఇప్పుడు. "ఎవరూ నా వైపు వేలెత్తి చూపలేదు."

"చూపలేదు. మెచ్చుకున్నారు. ఆ రోజు నుంచి బోరి పాడటం మానేసింది. స్నానాల గదిలో కూడా పాడదు. అది మాత్రం ఎవరూ చూడలేదు."

"పిల్లలన్నాక..."

"నాకు తెలుసమ్మా పిల్లల సంగతి. నేనూ పిల్లనే ఒకప్పుడు. నన్ను పెదాలు కదపమన్నావు, గుర్తుందా?"

"ఎప్పుడు?"

 ఆ ఒక్క మాటతో ఎనికో ముఖంలో కోపం పోయింది. కోపం ఉన్నా బాగుండేది.

"ఎప్పుడా. జిల్లా పోటీలకు వెళ్లినప్పుడు. నాకు ఎనిమిదేళ్లు. తెల్ల జాకెట్టు, నీలం కుచ్చుల లంగా. రెండో వరస, ఎడమ చివర. తెర లేచే ముందు నువ్వు నా దగ్గరకి వచ్చి కాలరు సర్దావు. ముద్దు కూడా పెట్టావు. 'ఎనికో తల్లీ, నువ్వు గొంతు రానివ్వకు, పెదాలు కదుపు చాలు, అందంగా కదుపు' అన్నావు. మొదటి బహుమతి మనకే వచ్చింది. హాల్లో ఆ ఫోటో ఉందిగా, చూడు ఒకసారి. అందరిలోకీ నోరు పెద్దగా తెరిచింది నేనే."

పిరోష్కాకు ఆ పోటీ గుర్తుంది. ఆ రోజు కురిసిన వాన గుర్తుంది, పాడిన మూడు పాటలూ గుర్తున్నాయి, న్యాయనిర్ణేత తన చెయ్యి పట్టుకుని ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. కాలరు సర్దడం మాత్రం గుర్తు రాలేదు. ఎలా గుర్తొస్తుంది? ప్రతి ఏడూ ఇద్దరికో ముగ్గురికో ఆ మాట చెబుతూనే వచ్చింది. మంచిగానే చెప్పింది. ఎవరినీ తిట్టలేదు, వరసలోంచి తీసెయ్యలేదు. అది దయ అనుకుంది.

"మంగళవారం తల్లిదండ్రుల సభ ఉంది," అంది ఎనికో లేస్తూ. "మందుల షాపు కింగా దీనికి వ్యతిరేకంగా సంతకాలు పోగుచేస్తోందని నాకు తెలుసు. నలభై దాటితే జిల్లా వాళ్లు నా కాగితం వెనక్కి పంపేస్తారు, పాట తరగతి ఎప్పటిలాగే ఉంటుంది. నువ్వు మాట్లాడితే దాటుతుంది కూడా. వెళ్లు, మాట్లాడు. నేను వద్దనను."

"క్షమించు" అనే మాట పిరోష్కా నోటి దాకా వచ్చింది. ఇంత చిన్నదానికి ఇన్నేళ్ల తరవాత క్షమాపణేమిటి అని ఇంకో మాట దానికి అడ్డుపడింది. ఈ రెండింటి మధ్య ఎనికో పళ్లాలు తీసేసింది.

సోమవారం మధ్యాహ్నం పిరోష్కా రోజూలాగే బోరిని తీసుకురావడానికి వెళ్లింది. ఆమె దినచర్యలో మిగిలిన పని అదొక్కటే. పన్నెండు దాటగానే కోటు తొడుక్కుని, అరగంట ముందే బడి గేటు దగ్గర నిలబడుతుంది. దారిలో ఎదురైన ప్రతివాళ్లూ "పిరి టీచర్, నమస్తే" అంటారు. సగం మంది ఆమె దగ్గర చదివినవాళ్లే.

ఇద్దరూ టిసా నది కట్ట మీదుగా నడిచారు. పొగమంచులో అవతలి ఒడ్డు కనపడటం లేదు. పిల్ల చెయ్యి వెచ్చగా ఉంది. పిరోష్కా ఆగి, ఎదురుగా నిలబడి, అరచెయ్యి తన వైపు తిప్పి చూపింది. స్వరాల చేతిగుర్తుల్లో అది 'సొ'. తరవాత చెయ్యి కిందికి దించి బోర్లా పట్టింది. అది 'మి'. ఆ ఊళ్లో పిల్లలకు అక్షరాల కన్నా ముందు వచ్చే రెండు స్వరాలు అవే. వీధి చివర నుంచి నేస్తాన్ని పిలిచినా ఆ రెండు స్వరాల్లోనే పిలుస్తారు.

బోరి చేతులు వెంటనే లేచాయి. సొ, మి, సొ-సొ, మి. తప్పు లేదు. అమ్మమ్మ 'లా' చూపిస్తే 'లా', 'దో' పిడికిలి పడితే 'దో'. వేళ్లు చకచకా తిరుగుతున్నాయి. నోరు మాత్రం గట్టిగా మూసుకుని ఉంది.

"చేతులు భలే వచ్చాయే! ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. వాళ్ల తరగతి తలుపు అద్దంలోంచి చూస్తా."

"ఇప్పుడు గొంతుతో కూడా అను మరి. సొ..."

"నేను మామూలు తరగతి కదా అమ్మమ్మా."

"అయితే ఏం?"

"పాట వాళ్లది. గోడ అవతల వాళ్లు పాడేటప్పుడు మేం చప్పుడు చెయ్యకూడదు. వాళ్ల పాట చెడిపోతుందట. మేం బొమ్మలేసుకుంటాం. నాకు వాళ్ల పాటలన్నీ వచ్చు, మాటలు. చెప్పనా?" అని పిల్ల నడుస్తూనే చెప్పడం మొదలుపెట్టింది. నక్క పాట, పెళ్లిపాట, ముగ్గురు రాజుల పాట. అడుగుకో మాట చొప్పున, ఒక్కటీ తప్పకుండా, పద్దు చదివినట్టు చదివేసింది. తాళం చక్కగా ఉంది. రాగం జోలికి మాత్రం పోలేదు.

పిరోష్కాకు నడవాలనిపించలేదు. కట్ట మీది బెంచీ తడిగా ఉన్నా కూర్చుండిపోయింది.

"ఒక్కసారి పాడవే తల్లీ. నేనే కదా. ఎవరూ లేరు ఇక్కడ."

బోరి ఆమె ముఖంలోకి చూసి, ఎంతో ఓపికగా, తెలియనివాళ్లకు చెప్పినట్టు చెప్పింది. "నువ్వే కదా అమ్మమ్మా పరీక్ష పెట్టింది."



సాయంత్రం ఎనికో వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తూంటే, పిరోష్కా రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లింది. మొదటిసారి ఉప్పు అడిగింది. రెండోసారి కిటికీ మూశావా అని అడిగింది. చెప్పాల్సింది చెప్పలేక, "బోరిని మళ్లీ ఓసారి పరీక్షిస్తే..." అంది మూడోసారి. ఎనికో కత్తి ఆపకుండానే, "దాని ఒక్కదానికోసమా?" అంది.  పిరోష్కా తన గదిలోకి వెళ్లి రేపటి ప్రసంగం రాసుకోవడానికి కూర్చుంది. మూడు పుటలు రాసింది. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. అయినా చదువుకుంటే ఎవరో మరొకరు రాసినట్టుంది.

మంగళవారం సాయంత్రం ఐదింటికి బడి వ్యాయామశాల నిండిపోయింది. కూర్చోవడానికి పిల్లల బెంచీలే. పెద్ద పెద్ద మగవాళ్లు మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నారు. ప్రధానోపాధ్యాయుడు ఫెకెతే గారు, ఎవరికీ చెడ్డ కాకుండా రిటైరైపోవాలన్నది ఆయన జీవితాశయం, చేతిరుమాలుతో నుదురు తుడుచుకుంటూ మైకు ముందు నిలబడ్డారు. ఎనికో తలుపు దగ్గర గోడకు ఆనుకుని ఉంది. ఆమె పక్కన ఎవరూ నిలబడలేదు.

మందుల షాపు కింగా చెంగున వచ్చి పిరోష్కా చేతిలో సంతకాల కాగితం పెట్టింది. ఒకప్పుడు బడి పాట బృందంలో మొదటి గొంతు ఆమెదే. "నలభై మూడు, పిరి టీచర్! మీరు నాలుగు మాటలు చెప్పి ఆ చేత్తోనే ఫెకెతే గారికి ఇచ్చెయ్యండి. మీ చేతులతో ఇస్తేనే అందం."

"నలభై మూడా?"

"ఇంకొకటి వచ్చేదే, పడవ నడిపే డెజో ఒక్కడు పెట్టనన్నాడు. వాడికేం తెలుసు, వాడు మామూలు తరగతి."

పిరోష్కా లేచింది. మాట్లాడమని ఫెకెతే గారు చెయ్యి చూపారు. మూడు పుటల ప్రసంగం చేతిసంచిలోనే ఉండిపోయింది. నోరు తెరిస్తే ఏడుపొస్తుందేమోనని భయపడి, తనకు బాగా చేతనైన పని చేసింది. జేబులోంచి శ్రుతి కడ్డీ తీసి, మోకాలికి కొట్టి మోగించి, చెవి దగ్గర పెట్టుకుని, చెయ్యెత్తింది. బడి మొదలయ్యే రోజున ఆ ఊళ్లో అందరూ పాడే పాటకు అది సైగ.

హాలు లేచింది. కింగా గొంతు పైకెళ్లింది, రెండో గొంతు తనంత తానే కింద చేరింది. ముప్పై ఏడేళ్ల శ్రమ రెండు పాయలుగా గదంతా నిండింది. ఏ ఊళ్లో వస్తుంది ఇలాంటిది? ఫార్మసీ నడిపేవాళ్లూ, రొట్టెలు కాల్చేవాళ్లూ, బస్సు నడిపేవాళ్లూ లేచి నిలబడి, కాగితం లేకుండా, ఇంత శుభ్రంగా పాడతారా ఎక్కడైనా? పిరోష్కా గుండె పొంగింది. ఈ తరగతి పోకూడదు. పోనివ్వకూడదు.

అప్పుడు చూసింది. ఇన్నేళ్లూ ఆమె చెవితోనే చూసింది, కళ్లతో చూడటం అదే మొదటిసారి. గొంతులు వస్తున్నది సగం హాలు నుంచే. తక్కిన సగం పెదాలు కదుపుతున్నారు. పడవ డెజో, ఎలుగుబంటి లాంటి మనిషి, టోపీ రెండు చేతులా పట్టుకుని, రెండో వరస పిల్లాడిలా బుద్ధిగా నోరు తెరుస్తూ మూస్తున్నాడు. అతనికి ఆ మాట తను ఏ సంవత్సరంలో చెప్పిందో ఆమెకు గుర్తు రాలేదు. తలుపు దగ్గర ఎనికో కూడా కదుపుతోంది. అందంగా కదుపుతోంది.

పాట ఆగకముందే పిరోష్కా చెయ్యి దించేసింది. నా తల్లీ, నన్ను క్షమించు, నీతో కలిసి పాడనివ్వు. ఇదీ ఆమె చెప్పాలనుకున్నది. మైకు లేకుండానే హాలంతా వినపడే ఆ గొంతులోంచి వచ్చింది మాత్రం ఇది.

"ఎనికో! గొంతు విప్పు. నాకు వినపడాలి."

నూట ఇరవై తలలు ఒక్కసారి తలుపు వైపు తిరిగాయి. ఎవరో కిసుక్కుమన్నారు. ఎనికో ముఖం చెవుల దాకా ఎర్రబడింది.  తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

పిరోష్కా బెంచీలకు తగులుకుంటూ ఆమె వెనకే నడవలోకి పరుగెత్తింది. ఎనికో పిల్లల కోట్లు తగిలించే పొట్టి కొక్కేల వరస దగ్గర, తన కోటు చేతిలో పట్టుకుని, తొడుక్కోవడం మరిచిపోయి నిలబడి ఉంది.

"నేను అలా అనాలని కాదే. క్షమించమని అడుగుదామనే లేచాను. ఒట్టు."

"అది అడగడానికి నీకు నూట ఇరవై మంది కావాలా అమ్మా?" అంది ఎనికో. "నిన్న వంటింట్లో ఉన్నాను. మొన్న ఉన్నాను. ముప్పై ఏళ్లుగా అదే ఇంట్లో, పక్క గదిలోనే ఉన్నాను."

"తెలుసు. వచ్చాను నిన్న. మూడుసార్లు వచ్చాను."

"ఉప్పు కోసం వచ్చావు."

పిరోష్కా ఆమె మోచెయ్యి పట్టుకుంది. "విను. ఆ కాగితం నేను ఇవ్వను. నీది సరైనదో నాది సరైనదో నాకిప్పుడు తెలీదు. తెలిసేదాకా ఇవ్వను. నీ ఎదుటే చింపేస్తాను, చూడు."

చెయ్యి చూసుకుంది. ఖాళీగా ఉంది. సంచి తెరిచింది, మూడు పుటల ప్రసంగం తప్ప ఏమీ లేదు. సంతకాల కాగితం లోపల బెంచీ మీదే ఉండిపోయింది.

తలుపు అవతల మైకులో ఫెకెతే గారి గొంతు వినపడింది. "కింగా గారు పిరి టీచర్ తరఫున అందజేసిన... నలభై మూడు..." తక్కిన మాటలు చప్పట్లలో కలిసిపోయాయి. కాళ్లు కూడా నేలకేసి కొడుతున్నారు.

"అది కాదు, నేను లోపలికెళ్లి చెబుతాను," అని పిరోష్కా రెండడుగులు వేసింది.

"ఏమని చెబుతావు? ఇప్పుడు నువ్వేం చెప్పినా, కూతురి మీద జాలితో చెప్పిందంటారు." ఎనికో కోటు తొడుక్కుంది. బొత్తాలు ఒక్కొక్కటే, పై నుంచి కింది దాకా పెట్టుకుంది. "రేపటి నుంచి మధ్యాహ్నం బోరిని సబోల్చ్ తీసుకొస్తాడు. నువ్వు రానక్కర్లేదు."

"ఎనికో..."

"కోపంతో అనటం లేదమ్మా. దాన్ని కొన్నాళ్లు నీ చెవికి దూరంగా ఉంచాలి నేను."

బయటి తలుపు తెరుచుకుని మూసుకుంది. వ్యాయామశాలలో ఆ పాటనే మళ్లీ ఎత్తుకున్నారు. ఈసారి గెలిచిన సంతోషంతో, రెట్టించిన గొంతులతో. పిరోష్కా చిన్న చిన్న కొక్కేల మధ్య ఒంటరిగా నిలబడింది. కళ్లలోంచి నీళ్లు జారుతూనే ఉన్నాయి. రెండో గొంతు అర స్వరం దిగిందనీ, ఎడమ వైపు నుంచే దిగిందనీ ఆమె చెవి మాత్రం అప్పటికే పట్టేసింది.